నీళ్లకు సర్దని సంచీ

పడవ ఎక్కే పలక మీద కాలు పెట్టగానే ఇన్‌స్పెక్టర్ క్రిసాంతో ఫవిలా ఒళ్లు తూలింది. పలక గట్టిగానే ఉంది. తూలింది మనిషే. తెల్లవారకముందు లేపారు. అప్పట్నుంచీ రేవు, శవం, ఆసుపత్రి, లాకప్పు. కడుపులో ఓ బన్ను ముక్కా, రెండు చల్లారిన కాఫీలూ తప్ప ఏమీ పడలేదు.

"చూసుకుని నడువు పారె! నువ్వు కూడా నీళ్లలో పడితే ఆ కేసు ఎవడు చూస్తాడు?" అని పైనుంచి ఎవరో నవ్వారు.

తలెత్తకుండానే తెలిసింది ఎవరో. ఒకప్పటి సావాసాన్ని గుర్తుచేస్తూ ఇంకా 'పారె' అని పిలిచేవాడు ఉర్బానో కబ్రెరా ఒక్కడే. స్టేషన్లో ఇద్దరివీ పక్కపక్క బల్లలు. ఇప్పుడు కబ్రెరా పోలీసు ఉద్యోగం వదిలేసి పడవల యజమానుల కొలువులో చేరాడు. వాళ్లకు పోలీసులతో చిక్కొస్తే విప్పిపెట్టడం అతని పని. చొక్కా ఇస్త్రీ నలగలేదు. కంటినిండా నిద్రపోయిన మొహం.

"నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?" అన్నాడు ఫవిలా.

"పడవ కదిలించడానికి. నువ్వెందుకొచ్చావో అదే నాకు తెలీదు. చంపినవాడు నీ లాకప్పులోనే కూర్చున్నాడుగా!"

ఫవిలా అతన్ని దాటుకుని నడిచాడు. మాటలకు కూడా ఓపిక కావాలి.

'లునింగ్నింగ్' అనే ఆ పడవ స్కూబా యాత్రలకు తిరుగుతుంది. ఎక్కినవాళ్లు వారంపాటు నేల తొక్కరు. తిండీ నిద్రా పడవ మీదే, రోజుకు నాలుగు మునకలు నడిసముద్రపు పగడపు దిబ్బల దగ్గర. అతిథులను నీళ్లలోకి తీసుకెళ్లే పెద్ద గైడు నోలీ మరసిగన్. ఈ తెల్లవారుజామున జెట్టీ స్తంభాల మధ్య బోర్లా తేలాడు. చెవి వెనక పుర్రె పగిలి ఉంది. ముందురోజు సాయంత్రం నోలీ, సిలిండర్లలో గాలి నింపే సిద్రోని అందరూ వినేలా తిట్టాడట. అంతే, సిద్రో లాకప్పులో పడ్డాడు.

"తిట్టాడు సార్. తిట్టించుకునే పనే చేశాను," అన్నాడు సిద్రో. ఎన్నిసార్లు అడిగినా ఆ మాట దాటి ముందుకు రాలేదు. చంపినవాడు అలా మాట్లాడడని ఫవిలాకు గట్టిగా అనిపించింది. అనిపించడం కోర్టుకు పనికిరాదు. మధ్యాహ్నం పోటుకు పడవ వెళ్లిపోతుంది. అంతలోగా ఏమీ దొరక్కపోతే అనుమతి మీద సంతకం పెట్టేయమని పైఅధికారి ఫోన్లో తేల్చేశాడు. వెళ్లిందంటే వారం దాకా ఫోను కూడా అందదు. తిరిగొచ్చేసరికి సాక్షులందరి మాటా ఒక్కటైపోతుంది. స్టేషను మెట్ల మీద అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సిద్రో పెళ్లానికి, తన మొగుడు హంతకుడైపోతాడు.

పడవ వెనక భాగంలో పొడుగ్గా బల్లలు, వాటికి ఆనించి వరసగా సిలిండర్లు. ఒక్కో సిలిండరుకు ఒక్కో అతిథి సామాను బిగించి ఉంది. ఒక అమ్మాయి వంగి పట్టీలు లాగి చూస్తోంది. కళ్లు వాచిపోయాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు బిగదీసుకుపోయి నోటితో ఊపిరి తీస్తోంది.

"పేరేంటమ్మా?"

"జొవితా సార్. కూయా నోలీ దగ్గర పనిచేస్తాను." చేతిలో పట్టీ వదిలేసి, "చేసేదాన్ని," అని దిద్దుకుంది. తోడబుట్టని అన్నను కూడా ఇక్కడ కూయా అనే అంటారు.

"పని ఆపకు. చేస్తూనే చెప్పు. నిన్న సాయంత్రం ఏం జరిగింది?"

"ఎప్పుడూ జరిగేదే సార్. అందరూ మధ్యాహ్నమే ఎక్కారు. ఎక్కగానే సంచీలు ఇక్కడే విప్పించేస్తాం. ఎవరి సామాను వాళ్ల సిలిండరు దగ్గర. ఖాళీ సంచీలు మడిచి ముందున్న కొట్టులో పడేస్తాం. గదిలో పెట్టుకుంటే మనిషి పడుకోడానికి చోటుండదు."

"నోలీ సంచీ కూడానా?"

"ఆయనదే మొదట. ఆయన విప్పితే తప్ప మమ్మల్ని ఎవర్నీ విప్పనివ్వడు. అదిగో, ఆ చివరిదే ఆయన..."

చెయ్యి చాచి చూపించబోయి ఆగిపోయింది. చివరి సిలిండరు బోడిగా ఉంది. దాని మెడకు నీలం టేపు ముక్క తప్ప ఏమీ లేదు.

"పొద్దున్నుంచీ అటు చూడలేదు సార్," అంది మెల్లగా. "చూడబుద్ధి కాలేదు."

"నిన్న ఉందా?"

"ఉంది. నేనే పట్టీ అందించాను. చీకటి పడ్డాక బజారుకెళ్లొస్తానన్నాడు. నేను వాంతి మాత్ర వేసుకుని పడుకున్నాను. అది వేసుకుంటే ఒళ్లు తెలీదు."

"సిద్రోని ఎందుకు తిట్టాడు?"

"కంప్రెసరు మోతలో సరిగా వినపడలేదు. 'మనుషుల్ని చంపుతావట్రా' అన్నది మాత్రం విన్నాను. అది ఆయన ఊతపదం సార్. మాస్కుకి ఇసక అంటుకున్నా అదే మాట. నన్ను రోజుకి పదిసార్లు అనేవాడు." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

అంతలో ఒక లావుపాటి పెద్దమనిషి రబ్బరు సూటు సగం తొడుక్కుని, మిగతా సగం నడుముకు వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమండీ, ఇంకెంతసేపు? ఏడాది ముందు చోటు పట్టుకున్నాం. ఎండలో ఈ రబ్బరులో ఉడికిపోతున్నాను. పోలీసాయనకి పనుంటే చేసుకోమనండి, మమ్మల్నెందుకు కట్టేస్తారు?"

"డాక్టర్ గారూ, మీరు నిశ్చింతగా ఉండండి, నేను చూసుకుంటాను," అని కబ్రెరా అతని భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత జొవితా వైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వొకసారి ఇలా రా. మా ఇన్‌స్పెక్టర్ గారు నీకంటే బాగా ఏడ్చే సాక్షిని వెతుక్కుంటారులే," అన్నాడు.

ముగ్గురూ అవతలి పక్కకు వెళ్లిపోయారు. ఫవిలా ఆ బోడి సిలిండరును ఇంకాసేపు చూసి, మేనేజరు గదికి నడిచాడు.

మేనేజరు దెల్ఫిన్ అర్సాగా సన్నగా, మర్యాదగా ఉన్నాడు. కుర్చీ దులిపి మరీ వేశాడు. అతనూ నిద్రపోలేదని కళ్ల కింద చర్మం చెబుతోంది.

"నోలీతో మీకేమన్నా మాటామాటా వచ్చిందా?"

"నాకా? ఐదేళ్లనుంచీ నా కుడిచెయ్యి సార్. నిన్న రాత్రి కూడా నవ్వుకుంటూనే దిగాడు, ఓ గుక్కేసుకుని వచ్చేస్తానన్నాడు. ఆ సిద్రోగాడు కాపుకాసి ఉంటాడు. ఏం చెప్పను... వాడి కొడుక్కి చర్చిలో జ్ఞానస్నానం తండ్రిగా నిలబడింది నేనే, చుట్టరికంతో సమానం. నా నోటితో చెప్పాల్సి వస్తోంది."

"నోలీకి ఈ యాత్రకు రావాలనే ఉందా?"

"ఎంతమాట! కావాలంటే సంచీ చూడండి. అన్నీ సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇంటివాళ్లకి అప్పజెప్పాలి కదాని నా గదిలోనే జాగ్రత్తగా పెట్టాను."

మంచం కింద నుంచి రెండు చేతులా లాగి బల్ల మీద పెట్టాడు. ఈ పడవల మీద ఒకరి సంచీ ఇంకొకరు తెరవరు. యజమాని పక్కనుండి ఊ అంటేనే జిప్పు లాగుతారు. చచ్చిపోయిన వాడిదైతే అసలే ముట్టుకోరు. ఫవిలా జిప్పు లాగుతుంటే, అర్సాగా కూడా మెడ సాచి లోపలికి తొంగిచూశాడు, మొదటిసారి చూసేవాడిలాగా.

మొదట ఓ చిన్న మెత్తటి సంచీ. అందులో లోతు చూపించే గడియారం, నీళ్లలో వాడే టార్చిలైటు బ్యాటరీలు. టార్చి వేరేగా అడుగున ఉంది. బ్యాటరీలు తీసి, ఒక్కోదాని కొసకు టేపు అంటించి విడిగా పెట్టాడు. దాని కింద తువ్వాలులో చుట్టిన రెగ్యులేటరు. సిలిండరు నుంచి గాలి నోటికి అందించే ఆ పరికరానికి మూత బిగించి ఉంది, ఎక్కడా చెమ్మ లేదు. గుండ్రంగా చుట్టిన రబ్బరు సూటు. కాళ్లకు తొడిగే రబ్బరు రెక్కల్లో నీటి బూట్లు దూర్చి ఉన్నాయి.

ఫవిలా బూటు నొక్కి చూశాడు. గట్టిగా తగిలింది. వేళ్లు పెట్టి లాగితే కాగితం పొట్లాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వేయించిన జీడిపప్పు. రెండో బూటులో జీడిపప్పు పాకం పలకలు.

"ఓహో! హత్యాయుధం దొరికింది," అంటూ గుమ్మంలో కబ్రెరా నవ్వాడు. ఎప్పుడు తిరిగొచ్చాడో. "మన ఊళ్లో జీడిపప్పు కొనుక్కోవడం కూడా నేరమేనా పారె? అయితే ముందు మా ఆవిణ్ణి పట్టుకుపో."

"ఎప్పుడు కొంటుంది మీ ఆవిడ?"

"ఎప్పుడేంటి?"

"పుట్టింటికి వెళ్లేరోజునా, వెళ్లడానికి వారం ముందా?"

కబ్రెరా నవ్వు కొంచెం తగ్గింది.

ఫవిలా ఒక పలక విరిచాడు. టప్పుమంది. "నిన్న కొన్నది. ఇంటికెళ్లేవాడు చేతులూపుకుంటూ వెళ్లకూడదు కాబట్టి పసలూబోంగ్ కొన్నాడు. బాగానే ఉంది. కానీ వారం పాటు ఉప్పుగాలిలో తిరిగొచ్చాక ఇంటికెళ్లేవాడు ఇప్పుడెందుకు కొంటాడు? అప్పటికి ఇది జిగురైపోతుంది. తల్లి చేతిలో పెడితే 'దీంతో కన్నాలు పూడ్చుకోనా' అంటుంది. నోలీకి బతంగాస్‌లో తల్లి ఉంది. పొద్దున ఫోను చేసింది నేనే." విరిచిన పలకను బల్ల మీద పెట్టాడు. "పైగా బూట్లో కూరాడు. రేపు ఉదయం మునగాల్సిన మనిషి కాళ్లు ఎక్కడ పెట్టుకుంటాడు?"

"అయితే?"

"బ్యాటరీలు విడిగా తీసి, పైనే పెట్టుకున్నాడు. విమానంలో వాటిని చేతిసంచీలోనే పట్టుకెళ్లాలి. ఇది నీళ్లకు సర్దిన సంచీ కాదు ఉర్బానో. నీళ్లు వద్దనుకుని సర్దింది. సాయంత్రం సామానంతా విప్పి బిగించినవాడు, రాత్రికి మళ్లీ ఊడదీసి, తుడిచి, ఇంటికి బయల్దేరాడు. సంచీ భుజానేసుకుని పలక దిగాడు." ఫవిలా మేనేజరు వైపు తిరిగాడు. "మనిషేమో నీళ్లలో తేలాడు. సంచీ మీ మంచం కింద తేలింది. మధ్యలో దీన్ని మోసిందెవరు అర్సాగా గారూ?"

అర్సాగా చేతులు తుడుచుకున్నాడు, తడి లేకపోయినా. "మనసు మార్చుకుని నా దగ్గర పెట్టి వెళ్లాడు సార్. ఆ మాట చెప్పడం మర్చిపోయాను."

"సిద్ధంగా ఉన్నాడన్నది మాత్రం మర్చిపోలేదు."

"ఒరేయ్ క్రిసాంతో!" కబ్రెరా గొంతు మారింది. "ఒక ఉద్యోగి పని మానేద్దామనుకున్నాడు. అంతేగా? దానికి ఎవడైనా చంపుతాడా? నీకు ముందునుంచీ ఇదే జబ్బు. చేతిలో ఉన్నవాణ్ణి వదిలేసి, లేనివాణ్ణి వెతకడం. అందుకే ఇన్నేళ్లకీ ఆ బల్ల దగ్గరే మిగిలిపోయావు."

"నిజమే," అన్నాడు ఫవిలా. కోపం తెచ్చుకుందామనుకున్నా రాలేదు. "పదండి, సిద్రో పనిచేసే చోటు చూద్దాం."

కంప్రెసరు పడవ వెనక మూలన ఉంది. దాని నుంచి ఒక లావు గొట్టం పైకి వెళ్లి పడవ ఎడమ అంచు దాకా సాగి, బయటికి నోరు తెరుచుకుని ఉంది. కొత్త తాడుతో కట్టారు. కుడివైపు, అతిథులు ఎండ కాచుకోడానికి ఈమధ్యే వేసిన మిద్దె. దానికి చోటు చేయడం కోసం జనరేటరు పొగగొట్టాన్ని పక్కకు వంచి, మిద్దె స్తంభానికి దగ్గరగా తెచ్చారు.

"ఈ గొట్టమెందుకు?"

"సిలిండర్లలో నింపే గాలిని ఇదే లాక్కుంటుంది సార్," అన్నాడు అర్సాగా.

"ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?"

"ఎప్పుడూ అక్కడే."

ఫవిలా కుడివైపు స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. లేవడానికి ఎంత కష్టపడాలో తెలిసే కూర్చున్నాడు. స్తంభానికి మసి దట్టంగా పట్టింది. భుజమంత ఎత్తులో మాత్రం వేలెడు వెడల్పున చుట్టూ తెల్లగా ఉంది. ఏదో తాడు కొన్నాళ్లు బిగించి, ఈమధ్యే విప్పినట్టు. తెల్ల గీత పక్కనే పొగగొట్టం నోరు.

వేలితో మసి తీసి చూసుకున్నాడు. 'మనుషుల్ని చంపుతావట్రా.' ఊతపదం అని అందరూ వదిలేశారు. నిన్న ఒక్కరోజు మాత్రం నోలీ ఆ మాట నిజంగానే అన్నాడు.

"గొట్టం ఇక్కడ కట్టమన్నది మీరు," అన్నాడు కూర్చునే. "సిద్రో కట్టాడు. జనరేటరు పొగ గాలితో పాటు సిలిండర్లలోకి పోయింది. కొడుకు జ్ఞానస్నానం తండ్రి కదా, మీ పేరు చెప్పడు. చావనైనా చస్తాడు. నోలీ ఒక సిలిండరు గాలి పీల్చి చూసి కనిపెట్టాడు. అతిథులను వెనక్కి పంపమని మీ దగ్గరికొచ్చాడు. మీరు కాదన్నారు. సరే, నేను పోతున్నా, దార్లో అందరికీ చెబుతానన్నాడు."

"ఊహలు," అన్నాడు కబ్రెరా. "అన్నీ ఊహలే. మసి, జీడిపప్పు!"

"ఊహలే. అందుకే సంతకం పెట్టేస్తాను." ఫవిలా స్తంభం పట్టుకుని లేచాడు. "ఒక్క పని చెయ్యండి మేనేజరు గారూ. ఆ వరసలో మీకు నచ్చిన సిలిండరు తీసుకోండి. నోట్లో పెట్టుకుని, నేను ఒక కాఫీ తాగేదాకా పీల్చండి. నిదానంగా తాగుతాను. అలిసిపోయి ఉన్నాను."

"నాకు... నాకు మునగడం రాదు సార్."

"మునగమనలేదు. కూర్చుని పీల్చమన్నాను."

అర్సాగా కదల్లేదు. కబ్రెరా విసురుగా ముందుకొచ్చాడు.

"చాల్చాల్లే నీ వేషాలు. ఇలా తే! నేను పీలుస్తా. పీల్చి, నీ సంతకం తీసుకుని, నిన్ను ఇంటికి పంపి నిద్రపుచ్చుతా." దగ్గర్లో ఉన్న సిలిండరు మర తిప్పాడు. గాలి బుస్సుమంది. రెగ్యులేటరు నోటి దాకా తీసుకెళ్లాడు.

"వద్దు సార్!"

అర్సాగా ఎగిరి దాన్ని తోసేశాడు. రెగ్యులేటరు బల్లకు తగిలి కిందపడింది.

కబ్రెరా తన ఖాళీ చేతిని చూసుకున్నాడు.

"ఎందుకు వద్దు?" అన్నాడు ఫవిలా.

అర్సాగా బల్ల మీద కూలబడ్డాడు. "రాత్రికి అన్నీ ఖాళీ చేయించేవాణ్ణి సార్. ఒట్టు. గొట్టం నిన్న రాత్రే మార్చేశాను, సముద్రంలోకి వెళ్లాక మళ్లీ నింపించేవాణ్ణి. ఇన్నింటిని నింపాలంటే రాత్రంతా పడుతుంది, ఇక్కడ చేస్తే పోటు దాటిపోతుంది. అదే చెప్పాను వాడికి. వినలేదు. పలక మీద పట్టుకుని ఆపాను, విదిలించుకున్నాడు, గెంటాను. అంతే. స్తంభానికి కొట్టుకుంటాడనుకోలేదు." మొహం తుడుచుకున్నాడు. "రేపటిదాకా ఎవరూ మునగరు కదా సార్. ఎవరికీ ఏమీ కాదు. రేపటిదాకా ఎవరూ దిగరు."

ఫవిలా కబ్రెరాను చూశాడు. ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర ఒక్కసారిగా చెమటతో నల్లబడింది.

"ఉర్బానో?"

"గొడవ చేస్తున్నారని..." కబ్రెరాకు మాట తెగింది. "ఆ డాక్టరు. ఇంకో ఇద్దరు. మునగడానికి నడుముకి ఎంత సీసం కట్టుకోవాలో ఎలాగూ మొదటిరోజు చూస్తారటగా. ఈలోగా ఇక్కడే ఓసారి ముంచి తీసుకురమ్మని ఆ అమ్మాయికి చెప్పాను. నువ్వు జీడిపప్పు లెక్కపెట్టుకుంటూ ఉన్నప్పుడు."

ఫవిలా అప్పటికే పరిగెత్తుతున్నాడు. అవతలి పక్కన దిగే ఇనప నిచ్చెన నీళ్లలోకి వేలాడుతోంది. అంచున చెప్పులు జతలుగా విడిచి ఉన్నాయి. గోడకు తగిలించిన లంగరు గొలుసు కొక్కెం చేతికందింది. దాంతో నిచ్చెన మీద బాదడం మొదలుపెట్టాడు. కింద ఉన్నవాళ్లను పైకి పిలవాలంటే ఇదే పద్ధతి, ఇనుము మీద ఇనుము. చప్పుడు నీళ్లలోకి దిగిపోతోంది.

ఒక ఆడమనిషి తల పైకి లేచింది. మాస్కు పీకేసి దగ్గుతోంది. "తలనొప్పి... తల పగిలిపోతోంది." ఆమె వెనక ఒక కుర్రాడు, వెల్లకిలా తేలుతూ. ఆ తర్వాత డాక్టరు, మొహం ఎర్రగా కందిపోయి, నిచ్చెన పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

"అమ్మాయేది?" ఫవిలా అరిచాడు. "డాక్టరూ! జొవితా ఏది?"

"కిందే... నాకు చేతులాడలేదు. నన్ను తోసింది పైకి. వీణ్ణి కూడా తనే..." మళ్లీ వాంతి.

ఫవిలా నీళ్ల మీద చూపు పరిచాడు. పడవకు కొంచెం అవతల బుడగలు వస్తున్నాయి. మనిషి కదిలితే బుడగలూ కదలాలి. ఇవి కదలడం లేదు. ఒకేచోట గుప్పుమని లేస్తున్నాయి. ఆగుతున్నాయి. మళ్లీ లేచేలోపు వ్యవధి పెరుగుతోంది.

పక్కనుంచి బరువుగా ఏదో నీళ్లలో పడింది. కబ్రెరా. బూట్లతోనే దూకేశాడు.

ఫవిలా బాదుతూనే ఉన్నాడు. ఇనుము మీద ఇనుము. కళ్లు మాత్రం ఆ ఒక్కచోటే ఉన్నాయి.

అక్కడ నీళ్లు నున్నగా అయిపోయాయి. బుడగలు రావడం లేదు.